మైదానంలో దండం

2025 అక్టోబర్ 30న మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యేసరికి పదకొండు దాటింది. చేసిన కూర చల్లారిపోయింది, పాలు తోడు పెట్టడం కూడా మర్చిపోయాను. ఆడవాళ్ళ ప్రపంచకప్ సెమీఫైనల్ మరి! మీలో చాలామంది చూసే ఉంటారు. నవీ ముంబైలో ఆస్ట్రేలియా వాళ్ళు 338 పరుగులు చేసి కూర్చున్నారు. మన జెమీమా రోడ్రిగ్స్ 127 పరుగులు చేసి, చివరిదాకా అవుటవకుండా నిలబడి గెలిపించింది. గెలవగానే ఆ పిల్ల భోరుమంది. నా కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి.

తర్వాత మైకు ముందు నిలబడి యేసు ప్రభువుకి కృతజ్ఞతలు చెప్పుకుంది. తన ఒక్కదాని వల్లా అయ్యేది కాదంది. అమ్మనీ, నాన్ననీ, కోచ్‌నీ తలుచుకుంది. చివర్లో ఓపిక అయిపోతుంటే బైబిల్ వాక్యం మననం చేసుకున్నానంది. ఆ ప్రపంచకప్ మధ్యలోనే ఒక మ్యాచ్‌కి ఆమెని జట్టులోంచి తప్పించారు. మనసు బాగాలేక అమ్మకి ఫోన్ చేసి ఏడ్చేదాన్నని కూడా దాచకుండా చెప్పేసింది.

ఇందులో తప్పేముంది చెప్పండి? కానీ మర్నాటికల్లా సెల్‌ఫోన్లలో ఒకటే గోల. దేశానికి ఆడుతూ మతం మాటెందుకని కొందరు, ఇది ప్రచారమని కొందరు. అంతకు ముందు ఏడాది వాళ్ళ నాన్నగారి ప్రార్థన కూటాల గురించి ముంబైలో ఒక క్లబ్బులో వచ్చిన గొడవనీ మళ్ళీ తవ్వి తీశారు. ఆయన అప్పుడే ఆ ఆరోపణలు నిజం కాదన్నారు.

అదే జట్టులో దీప్తి శర్మ ఉంది. నవంబర్ 2న జరిగిన ఫైనల్లో 5 వికెట్లు తీసిన అమ్మాయి. ఆమె చేతి మీద ఆంజనేయస్వామి పచ్చబొట్టు ఉంటుంది. ప్రధానమంత్రి గారు జట్టుని పిలిచినప్పుడు దాని గురించి ముచ్చటగా అడిగారు కూడా. మా వీధిలో అందరం మురిసిపోయాం. మురిసిపోవాల్సిందే. మరి ఆ పిల్ల భక్తి ముద్దొచ్చినప్పుడు ఈ పిల్ల భక్తి ఎందుకు గుచ్చుకోవాలి?

ఒకరిని అనడం దేనికి, నా సంగతే చెప్తాను. 2023 అక్టోబర్‌లో మన ఉప్పల్ స్టేడియంలో పాకిస్తాన్, నెదర్లాండ్స్ ఆడుతుంటే రిజ్వాన్ ఆట మధ్య విరామంలో మైదానంలోనే నమాజు చేశాడు. నాకు చిరాకేసింది. "ఇంటికెళ్ళి చేసుకోకూడదూ" అన్నాను. మా అమ్మాయి ఊరుకుంటుందా? "సచిన్ ఆకాశంలోకి చూస్తే నువ్వు టీవీకే దండం పెట్టేదానివి కదమ్మా!" అంది. నిజమే, పెట్టేదాన్ని. 1999 ప్రపంచకప్ మధ్యలో సచిన్ వాళ్ళ నాన్నగారు పోతే, ఇంటికొచ్చి మళ్ళీ ఇంగ్లండ్ వెళ్ళి కెన్యా మీద 140 కొట్టాడు. అప్పుడు పైకి చూసింది నాన్న కోసం. నేనేమో చాన్నాళ్ళు దేవుడి కోసమే అనుకున్నాను.

చూసేవాళ్ళం మనకి తోచింది అనేసుకుంటాం కదూ. అదే 2023లో షమీ శ్రీలంక మీద 5 వికెట్లు తీసి మోకాళ్ళ మీద కూర్చుంటే, సజ్దా చేయబోయి భయపడి ఆగిపోయాడన్నారు. అలిసిపోయి కూర్చున్నానని, చేయాలనుకుంటే నన్నెవరు ఆపుతారని తర్వాత ఆయనే చెప్పాల్సి వచ్చింది. పాపం, ఊపిరి పీల్చుకోవడానికి కూర్చున్నా సంజాయిషీయే!

ఫుట్‌బాల్‌లో అయితే బట్టల మీద మతం మాటలు రాసి చూపించకూడదని నియమమే ఉంది. బ్రెజిల్ ఆటగాడు కాకా 2002లో ప్రపంచకప్ గెలిచాక యేసు పేరున్న చొక్కా చూపించాడు, ఇప్పుడైతే కుదరదు. చొక్కా సంగతి వేరు, నోటితో చెప్పుకునే కృతజ్ఞత వేరని నాకనిపిస్తుంది.

ఒక్కటి మాత్రం నాకూ మింగుడు పడదు. గెలిచినవాళ్ళు దేవుడి దయ అంటే, ఓడినవాళ్ళ మాటేమిటి? వాళ్ళూ మొక్కుకునే ఉంటారుగా! 2023 నవంబర్ 19న అహ్మదాబాద్ ఫైనల్‌కి మేమూ కొబ్బరికాయ మొక్కుకున్నాం. మనవాళ్ళు ఓడిపోయారు. మర్నాడు ఆ కాయ పచ్చడి చేశాను. ఎవరూ మాట్లాడకుండా తిన్నారు. జెమీమా మాటల్లో ఆ గొప్పలు వినపడలేదు నాకు. దేవుడు మా పక్షమని అనలేదు, నా వల్ల కావడం లేదని అంది.

మా పక్కింటి పిన్నిగారు శనివారం ఉపవాసం తప్పని మనిషి. ఆవిడకి ఇంగ్లీషు రాదు. మా అమ్మాయి ఆ మాటలన్నీ తెలుగులో చెప్తుంటే శ్రద్ధగా విన్నారు. అమ్మకి ఫోన్ చేసి ఏడ్చేదాన్నన్న చోట ఆపి, మళ్ళీ చెప్పించుకున్నారు. తర్వాత మా ఫోనే తీసుకుని బెంగుళూరులో ఉన్న వాళ్ళమ్మాయికి చేశారు. అప్పుడు రాత్రి పదకొండున్నర.