కాఫీ జగ్గు నుంచి గురుగ్రహం దాకా

లేచి అంత దూరం నడిచి వెళ్తే తీరా జగ్గు ఖాళీ. ఈ బాధ పడలేక 1991లో కేంబ్రిడ్జ్ కంప్యూటర్ లాబొరేటరీ వాళ్లు కాఫీ జగ్గు ముందు ఒక కెమెరా పెట్టారు. వెబ్‌క్యామ్ పుట్టుక అంత చిల్లర అవసరంతోనే! పెరటి టెలిస్కోపుల దశ మార్చింది ఆ జాతి కెమెరాయే.

అంతకుముందు, హైదరాబాదు నిజామియా వేధశాల ఫొటో తీసిన గాజు పలకల మీదే లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచింది. చుక్క కాస్త అలుక్కుపోయినా దాని నడిమధ్యను కొలవొచ్చు. గురుడితో ఆ వీలు లేదు, పట్టీలూ ఎర్రమచ్చా విడివిడిగా కనబడాలి. ఫిల్ము వెలుగు పట్టేలోపే గాలి బొమ్మను చెరిపేసేది.

వెబ్‌క్యామ్ తీసేది వీడియో. 2000 తర్వాత ఔత్సాహికులు ఫిలిప్స్ టూయూక్యామ్ అనే వెబ్‌క్యామ్ కోసం ఎగబడ్డారు. లెన్సు మర తిప్పి ఊడదీసి, ఆ చోట చిన్న గొట్టం బిగించి, టెలిస్కోపులో కన్ను పెట్టే చోట దూర్చడమే. తెరమీద గురుడు ఏటి అడుగున గులకరాయిలా అల్లాడతాడు. వేల ఫ్రేముల్లో, గాలి క్షణం నిలిచినప్పుడు పడ్డవి కొన్ని ఉంటాయి. కోర్ బెర్రెవోట్స్ ఉచితంగా ఇచ్చిన రెజిస్టాక్స్ అనే సాఫ్ట్‌వేర్ వాటిని ఏరి, ఒకదానిమీద ఒకటి పేర్చేది. నన్నడిగితే అసలు ఆవిష్కరణ ఈ ఏరివేతే. అలాంటి మంచి ఫ్రేము దొరికే అవకాశమెంతో డేవిడ్ ఫ్రైడ్ అనే శాస్త్రవేత్త 1978లోనే లెక్కగట్టాడు.

గురుడు పది గంటల్లోపే ఒక చుట్టు తిరుగుతాడు, అందుకే వీడియో రెండు మూడు నిమిషాలు దాటితే మచ్చలు జరిగిపోతాయి. గురుడి ఉపగ్రహాలతో మరో చిక్కు. అవి తేలేలా వెలుగు పెంచితే గురుడు తెల్లబడిపోతాడు. చాలామంది రెండు వీడియోలు తీసి కలుపుతారు.

మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం 14 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి అటూ ఇటూ ఉన్నాయి. 2026 జనవరిలో మిథునంలోని గురుడు అర్ధరాత్రి వేళ ఇక్కడ దాదాపు నడినెత్తికి వచ్చాడు. నిటారుగా చూస్తే దాటాల్సిన గాలి తక్కువ. ధర్మవరం వీధి దీపాలు పాలపుంతను మింగేస్తాయేమో గానీ గురుణ్ణీ శనినీ ఏమీ చేయలేవు. అసలు శత్రువు వేడి: పగలంతా కాగిన పెనుకొండ బండలు, మిద్దెల సిమెంటు రాత్రి దాన్ని కక్కుతాయి. మిద్దె కన్నా మట్టినేల మేలు. చల్లారడానికి టెలిస్కోపును గంట ముందే బయట పెట్టాలి.

2009 జూలై 19న ఆస్ట్రేలియాలో ఆంథొనీ వెస్లీ అనే ఔత్సాహికుడు తన పెరట్లోంచి గురుడి మీద కొత్త నల్లమచ్చను పట్టాడు. ఏదో ఢీకొట్టిన గాయమది. నాసా వాళ్ల హవాయి టెలిస్కోపు అటు తిరిగింది ఆ తర్వాతే. ఇలాంటి కాపలాలో మనకూ వంతుంది: తూర్పు ఆస్ట్రేలియా మనకన్నా కనీసం నాలుగున్నర గంటలు ముందుంటుంది. అక్కడ గురుడు దిగిపోయే వేళకు హిందూపురంలో ఇంకా పైనే ఉంటాడు, ఇక్కడా దిగిపోయేలోపు దాదాపు సగం తిరిగి, అక్కడ దిగే వేళ వాళ్లకు కనబడని ముఖం ఇటు పెడతాడు.