సందేహం వచ్చిన వేళ

యేసును నమ్ముకున్న ఇల్లాళ్లలో చాలామందికి ఒక దిగులు ఉంటుంది. బిడ్డకు చేసిన జబ్బు ఎంతకీ తగ్గనప్పుడు, ఇంటాయన ఉద్యోగం పోయినప్పుడు, "అసలు ఆయన నా మొర వింటున్నాడా?" అనిపిస్తుంది. పైకి చెబితే విశ్వాసం లేనిదంటారేమోనని భయం. ఆ మాట లోపలే దాచుకుంటాం. క్రమంగా ప్రార్థనకు కూర్చోవడమే తగ్గిపోతుంది. చూశారా, సందేహం కన్నా దాన్ని దాచుకోవడమే మనల్ని ఆయనకు ఎక్కువ దూరం చేస్తుంది.

యోహాను సువార్త 20వ అధ్యాయంలో తోమా సంగతి ఉంది. యేసు తిరిగి లేచాడని తోటి శిష్యులు చెబితే, గాయాలను కళ్లారా చూసి, తాకితే తప్ప నమ్మనన్నాడు. అయితే ఎనిమిది రోజుల తరువాత కూడా అతను వాళ్ల మధ్యనే ఉన్నాడు. నమ్మకం కుదరలేదని విడిచిపోలేదు. అప్పుడు యేసు వచ్చి, అతను అడిగిన గాయాలనే చూపించాడు. ఆ తోమాయే తరువాత మన దేశానికి వచ్చాడని సంప్రదాయం. చెన్నైలోని శాంథోమ్ చర్చి ఆయన పేరిట వెలిసిందే.

అంత పాత కథ ఎందుకంటారా? మన కాలపు మదర్ థెరీసానే తీసుకోండి. 1950లో కలకత్తాలో మిషనరీస్ ఆఫ్ ఛారిటీ స్థాపించి, 1997లో కన్నుమూశారు. 2007లో ఆమె ఉత్తరాలు పుస్తకంగా వచ్చాక లోకం ఆశ్చర్యపోయింది. దేవుడు దగ్గర ఉన్నట్టే అనిపించడం లేదని, లోపలంతా చీకటిగా ఉందని ఏళ్ల తరబడి తన ఆధ్యాత్మిక గురువులకు రాసుకున్నారు. అయినా ప్రార్థన మానలేదు, పేదల సేవ మానలేదు. పోనుపోను ఆ చీకటినే సిలువ మీద యేసు పడిన బాధలో తన వంతుగా స్వీకరించారు.

మరి మనమేం చేయాలి? మొదట, ఆ సందేహాన్నే ఆయనతో చెప్పుకోండి. అందమైన మాటలు అక్కర్లేదు. 150 కీర్తనల్లో ఎన్నో ఇలా దేవుణ్ణి నిలదీసి మొరపెట్టుకున్నవే. సిలువ మీద యేసు పెట్టిన మొర కూడా 22వ కీర్తన మొదటి మాటే కదండీ!

రెండోది, మార్కు సువార్తలో 16 అధ్యాయాలే ఉన్నాయి. పిల్లలు బడికి వెళ్లాక రోజుకొకటి చదివితే పదహారు రోజుల్లో అయిపోతుంది. అరకొర నమ్మకంతో వచ్చినవాళ్లతో యేసు ఎలా మాట్లాడాడో గమనించండి. 9వ అధ్యాయంలో జబ్బు పిల్లవాడి తండ్రి తన అపనమ్మకాన్ని దాచుకోకుండా ఒప్పుకున్నాడు. యేసు అతన్ని కసరలేదు, పిల్లవాణ్ణి బాగుచేశాడు.

మూడోది, మనసుకు నచ్చిన ఒక్కరితోనైనా చెప్పుకోండి. నిద్రా, తిండీ పోయేంత దిగులైతే డాక్టరుకు చూపించుకోండి. అది విశ్వాసానికి లోటేమీ కాదు.

చలికాలంలో పెరుగు తోడుకోవడం ఆలస్యమవుతుంది. అంతమాత్రాన పాలు తోడుపెట్టడం మానేస్తామా? ప్రార్థనా అంతేనండి. ఏమీ అనిపించని రోజున కూడా ఓ ఐదు నిమిషాలు కూర్చోండి.