గట్టు మీద శాంపిల్... ల్యాబ్‌లో ఫలితం: రెండూ మీ చేతుల్లోనే!

ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చున్నారు. రెజ్యూమెలో ‘తాగునీటి నాణ్యతపై ప్రాజెక్టు’ అని ఉంది. మూడు ప్రశ్నలు వరసగా వచ్చాయి. శాంపిల్ ఎన్ని గంటలకు తీశారు? ఏ సీసాలో తెచ్చారు? ల్యాబ్‌కు చేరేసరికి ఎంతసేపైంది? ‘శాంపిల్ వేరేవాళ్లు తెచ్చారు సార్, నేను టైట్రేషన్ మాత్రమే చేశాను’ అంటే మాట అక్కడితో ఆగిపోతుంది. ‘ఫీల్డ్‌కు వెళ్లాను, టెస్టులు మాత్రం చూడలేదు’ అన్నా అంతే!

పర్యావరణ రంగంలో ఉద్యోగం ఇచ్చేవాళ్లకు కావాల్సింది ఈ రెండు చివరలనూ కలపగల వ్యక్తి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల్లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ చదువుతున్నవారికి ఇందులో ఒక సౌలభ్యం ఉంది. రాళ్ల నేల, చెరువులు, బొగ్గు గనులు... మూడు రకాల ఫీల్డ్‌లూ బస్సు దూరంలోనే ఉన్నాయి.

25 మార్కులు ఎందుకు పెట్టారు?

పర్యావరణ విద్య తప్పనిసరి కావాలని సుప్రీంకోర్టు 1991లో ఎం.సి.మెహతా కేసులో చెప్పింది. ఆ తర్వాత డిగ్రీ విద్యార్థుల కోసం యూజీసీ రూపొందించిన ఆర్నెల్ల కోర్ మాడ్యూల్‌లో 100 మార్కులకు 25 ఫీల్డ్ వర్క్‌కే కేటాయించారు. చాలాసార్లు అది ఒకరోజు టూరుగా, గ్రూప్ ఫొటోగా మిగిలిపోతోంది. ఆ ఒక్క రోజునే సరిగా వాడుకుంటే సెమిస్టర్ ప్రాజెక్టు అవుతుంది. ఎలాగో చూద్దాం.

జనగామ: బోరు నీటిలో ఏముంది?

గ్రానైట్ శిలల్లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భజలంలోకి చేరుతుంది. నీటిలో కాల్షియం తక్కువగా, బైకార్బనేట్ ఎక్కువగా ఉంటే మరింతగా కరుగుతుంది. దీని ఫలితం ఎలా ఉంటుందో పాత నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ బాధితులను చూస్తే తెలుస్తుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మి.గ్రా. వరకు ఫ్లోరైడ్ ఫర్వాలేదు. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మి.గ్రా. వరకు అనుమతిస్తారు.

ఫీల్డ్ పని: బోరును కొన్ని నిమిషాలు వదిలేసి, పైపులో నిల్వ ఉన్న నీరు పోయాకే శాంపిల్ పట్టాలి. ఫ్లోరైడ్‌కు గాజు సీసా వద్దు, ప్లాస్టిక్ సీసా వాడాలి. పీహెచ్, ఉష్ణోగ్రత అక్కడికక్కడే చూడాలి.

ల్యాబ్ పని: స్పాండ్స్ పద్ధతిలో ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ ఎరుపు రంగు వెలుస్తుంది. దాన్ని కలరీమీటర్‌పై 570 నానోమీటర్ల దగ్గర చదువుతారు. ఈ పద్ధతి సుమారు 1.4 మి.గ్రా. వరకే నమ్మదగినది. అంతకు మించి ఉందనిపిస్తే శాంపిల్‌ను డైల్యూట్ చేసి మళ్లీ చేయాలి. ఈ ఒక్క సంగతి తెలియక 3 మి.గ్రా. ఉన్న నీటిని ‘సేఫ్’ దగ్గరగా రాసేస్తే? ఆ బోరు నీళ్లు తాగే ఇంటికి నష్టం.

మహబూబాబాద్: తెల్లవారుజామున చెరువు దగ్గర

మానుకోట ప్రాంతంలో చెరువులకు, మిరప చేలకు కొదవలేదు. కాకతీయుల కాలం నాటి బయ్యారం చెరువు సంగతి తెలిసిందే. పాకుడు పట్టిన ఏ చెరువునైనా తీసుకోండి. ఉదయం 6కు ఒకసారి, మధ్యాహ్నం 2కు ఒకసారి నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలవండి. రాత్రంతా నీటిమొక్కలు, జీవులు ఆక్సిజన్ వాడుకోవడం వల్ల తెల్లవారేసరికి అది బాగా తగ్గుతుంది. చేపలు పొద్దున్నే నీటిపైకి వచ్చి నోరు తెరవడానికి కారణం ఇదే.

ఈ శాంపిల్‌ను ఉత్తి సీసాలో తీసుకెళ్తే దారిలోనే విలువ మారిపోతుంది. అందుకే 300 మి.లీ. గాజు బీఓడీ బాటిల్‌లో గాలి బుడగ లేకుండా నింపి, మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ-అయోడైడ్-అజైడ్ ద్రావణాలను గట్టు మీదే కలపాలి. గోధుమరంగు అవక్షేపం వస్తే ఆక్సిజన్ ‘ఫిక్స్’ అయినట్టు. చీకటిగా ఉంచి, 8 గంటల్లోపు టైట్రేషన్ చేయాలి. అంటే ఈ ప్రయోగంలో సగం ల్యాబ్ గట్టు మీదే ఉంది!

మిరప చేల దగ్గరి బావుల్లో నైట్రేట్ చూడొచ్చు. పరిమితి లీటరుకు 45 మి.గ్రా. శాంపిల్‌ను ఐస్‌బాక్సులో తెచ్చి 48 గంటల్లోపు పరీక్షించాలి. ముందు రోజు వాన పడిందా అన్నది తప్పక రాయండి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 వానలకు ఆకేరు పొంగింది, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అలాంటి వరద తర్వాత తీసిన బావి నీటికీ, వేసవిలో తీసిన నీటికీ పోలిక ఉండదు.

భూపాలపల్లి: ఆకు మీది దుమ్ము చెప్పే లెక్క

ఇక్కడ సింగరేణి గనులున్నాయి. చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. గాలిలో పీఎం10 రేణువులు 24 గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు మించకూడదన్నది జాతీయ ప్రమాణం.

లెక్క ఇలా ఉంటుంది. శాంప్లర్ నిమిషానికి 1.1 ఘ.మీ. గాలి లాగితే 24 గంటల్లో 1,584 ఘ.మీ. అవుతుంది. ఫిల్టర్ బరువు 0.19 గ్రాములు పెరిగిందనుకుంటే, అంటే 1,90,000 మైక్రోగ్రాములు, ఘ.మీ.కు సుమారు 120 వస్తుంది. పరిమితి దాటినట్టే. ఫిల్టర్‌ను వెళ్లేముందు, వచ్చాక ఒకే తేమ పరిస్థితిలో తూయకపోతే ఈ లెక్కంతా తప్పే.

కాలేజీలో శాంప్లర్ లేదా? బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్కన, రెండు కిలోమీటర్ల దూరాన ఒకే రకం చెట్టు ఆకులు కోయండి. దుమ్మును బ్రష్‌తో డిస్టిల్డ్ వాటర్‌లోకి కడిగి, ఆరబెట్టి తూయండి. ఆకు వైశాల్యాన్ని గ్రాఫ్ పేపర్‌పై లెక్కించి చదరపు సెంటీమీటరుకు ఎంత దుమ్మో రాయండి. ఖర్చు దాదాపు లేదు. గని, ప్లాంటు ఆవరణల్లోకి మాత్రం కాలేజీ లెటర్, అనుమతి లేకుండా వెళ్లొద్దు.

గురువారం ఫీల్డ్ ట్రిప్ వద్దు!

ఫీల్డ్, ల్యాబ్ కలవకపోవడానికి కారణం చాలావరకు టైమ్‌టేబులే. మురుగునీటి బీఓడీని 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి చూస్తారు. గురువారం ఇంక్యుబేటర్‌లో పెడితే ఆదివారం తీయాలి. ఆ రోజు ల్యాబ్‌కు తాళం! శుక్రవారం పెడితే సోమవారం తీయొచ్చు. మీ లెక్చరర్‌తో, ల్యాబ్ అసిస్టెంట్‌తో ముందే మాట్లాడుకోండి.

- ముందు రోజు: ద్రావణాలు తయారీ, మీటర్ల క్యాలిబ్రేషన్, సీసాలకు లేబుళ్లు.
- ఫీల్డ్‌లో: సమయం, జీపీఎస్ పాయింట్, వాతావరణం, తీసినవారి పేరు. ఒక చోట రెండు శాంపిళ్లు, డిస్టిల్డ్ వాటర్‌తో ఒక బ్లాంక్.
- ల్యాబ్‌లో: ఎవరు ఎవరికి ఎన్నింటికి అప్పగించారో సంతకాలతో రికార్డు.
- నలుగురి బృందమైతే పనులు ప్రతి ట్రిప్‌కూ మార్చుకోండి. ఒకరే ఎప్పుడూ బ్యూరెట్ పట్టుకోవద్దు.

ఇది ఏ ఉద్యోగానికి?

ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న టెస్టింగ్ ల్యాబ్‌లు ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 ప్రమాణాన్ని పాటిస్తాయి. అందులో శాంప్లింగ్ కూడా భాగమే. కాబట్టి పైన చెప్పిన రికార్డు అక్కడ రోజూ చేసే పనే. 2006 ఈఐఏ నోటిఫికేషన్ కింద ప్రాజెక్టుల పర్యావరణ ప్రభావాన్ని అంచనా వేసే కన్సల్టెన్సీలకు ఫీల్డ్ డేటా తెచ్చేవాళ్లు కావాలి. పరిశ్రమల ఎన్విరాన్‌మెంట్ విభాగాలు, కాలుష్య నియంత్రణ మండలి పోస్టులూ ఉన్నాయి. అర్హతలు పోస్టును బట్టి మారతాయి, నోటిఫికేషన్ చదివాకే అప్లై చేయండి.

రెజ్యూమెలో ‘నీటి పరీక్షలు తెలుసు’ అని కాకుండా ‘12 బోర్లు, రెండు సీజన్లు, డూప్లికేట్, బ్లాంక్‌లతో ఫ్లోరైడ్ విశ్లేషణ’ అని మీరు చేసిన పనిని అంకెలతో రాయండి. ఫీల్డ్ నోట్‌బుక్‌ను ఇంటర్వ్యూకు పట్టుకెళ్లండి. బురద మరక ఉన్నా ఫర్వాలేదు!

చివరగా ఒక మాట. ఏదైనా బోరులో ఫ్లోరైడ్ ఎక్కువగా కనిపిస్తే రికార్డులో రాసి మూసేయకండి. ఊళ్లో కంగారూ పెట్టకండి. మళ్లీ శాంపిల్ తీసి, లెక్చరర్ ద్వారా గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో నిర్ధారించుకుని పంచాయతీకి చెప్పండి. మీకది ఒక రీడింగ్. ఆ ఇంటివాళ్లకు రోజూ తాగే నీళ్లు.