ఎన్ని మైళ్ళు కాదు... ఎన్ని నిమిషాలు?

బే ఏరియాలో ఉన్న మనవాళ్ళెవరినైనా "మీ ఆఫీసు ఎంత దూరమండీ?" అని అడిగి చూడండి. మైళ్ళలో జవాబు రాదు. "ట్రాఫిక్ లేకపోతే ఇరవై నిమిషాలు" అంటారు. ఆ "లేకపోతే" అన్న మాటలోనే ఉంది శాంటా క్లారా కౌంటీ కథంతా!

ఇక్కడ 101, 280, 680, 880, 85, 237... ఇవి అంకెలు కావు, ఇంట్లో మనుషుల పేర్లలాంటివి. "ఇవాళ 237 ఎలా ఉంది?" అని ఒకరినొకరు పలకరించుకుంటాం, జ్వరం వచ్చిన చుట్టాన్ని గురించి అడిగినట్టు. "మరీ దారుణంగా ఉంది, మీరు మోంటేగ్ మీదుగా వెళ్ళండి" అని సలహా కూడా వెంటనే వస్తుంది.

ఒకప్పుడు ఇదంతా ఆప్రికాట్, ప్రూన్ తోటల లోయ. తోటలు పోయి ఆఫీసులు వచ్చాయి. అయితే ఆఫీసులు ఎక్కువగా పాలో ఆల్టో, మౌంటెన్ వ్యూ, సన్నీవేల్, శాంటా క్లారా వైపు పెరిగాయి. అందులో పనిచేసేవాళ్ళకి అందే ధరలో ఇళ్ళు దక్షిణ శాన్ హోజేలోనో, పక్క కౌంటీలోని ఫ్రీమాంట్‌లోనో, అదీ కాకపోతే ఆల్టమాంట్ కొండ దాటి ట్రేసీలోనో దొరికేవి. అందుకే పొద్దున్నే అందరి కార్లూ ఒకే దిక్కుకి, సాయంత్రం అందరివీ ఎదురు దిక్కుకి.

సగటులో లేనివాళ్ళు

2000 జనాభా లెక్కల్లో ఈ కౌంటీవాసులు ఆఫీసుకి చేరడానికి సగటున 26 నిమిషాలు పట్టేది. కోవిడ్ ముందునాటికి అది దాదాపు అరగంట అయింది. 2019లో దేశం మొత్తం సగటు 27.6 నిమిషాలు. "ఇంతేనా, మనం పడే బాధ ఇంకా ఎక్కువ కదా!" అనిపిస్తోందా? అందులో ఒక కిటుకు ఉంది. ఈ లెక్క ఆఫీసు ఉన్న చోట కాదు, ఇల్లు ఉన్న చోట వేస్తారు. తెల్లవారుజామున ట్రేసీలోనో మౌంటెన్ హౌస్‌లోనో బయల్దేరి సన్నీవేల్ వచ్చే మన స్నేహితుడి ప్రయాణం శాన్ వాకీన్ కౌంటీ ఖాతాలో పడుతుంది. అందరికన్నా ఎక్కువ సేపు రోడ్డు మీద ఉండేవాడు మన కౌంటీ సగటులో ఉండనే ఉండడు!

మరో లెక్క మనమే వేసుకుందాం. వెళ్ళడానికి గంట, రావడానికి గంట, ఏడాదికి 230 పనిదినాలు. మొత్తం 460 గంటలు. అంటే రాత్రీ పగలూ కలిపి 19 రోజులు. ఇరవై ఏళ్ళు అలా తిరిగితే ఏడాదికి పైగా జీవితం స్టీరింగు ముందే గడిచిపోయినట్టు.

ముగ్గురు మనుషులు, ఒక కారు

నేను వచ్చిన కొత్తలో ఫ్రీమాంట్ నుంచి సన్నీవేల్‌కి కార్‌పూల్‌లో వెళ్ళేవాణ్ణి. ముగ్గురం తెలుగువాళ్ళమే. కారు ఎవరిదైతే పాటలు వాళ్ళవి. అందుచేత సోమవారం ఘంటసాల, మంగళవారం ఇళయరాజా. వీసాలు, పచ్చళ్ళు, ఊళ్ళో పొలం తగాదాలు... మాట్లాడని విషయం లేదు. పక్క వరసల్లో ఒక్కొక్కళ్ళే కూర్చున్న కార్లు ఆగి ఉంటే, మేము కార్‌పూల్ లేన్‌లో దూసుకుపోతూ కాస్త గర్వపడేవాళ్ళం కూడా. కోవిడ్ ముందు వరకూ ఈ కౌంటీలో ప్రతి నలుగురు ఉద్యోగుల్లో సుమారు ముగ్గురు ఒంటరిగా కారు నడుపుకుంటూ వెళ్ళినవాళ్ళే మరి!

2001 నాటికి డాట్‌కామ్ బుడగ పగిలిపోయింది. కొన్ని నెలల్లోనే రోడ్లు పలచబడ్డాయి. మా ముగ్గురిలో ఒకతనికి ఉద్యోగం పోయింది. సామాను అమ్ముకుని, భార్యాబిడ్డలతో ఇండియా వెళ్ళిపోయాడు. మేమిద్దరం మిగిలాం. కార్‌పూల్ లేన్‌కి అప్పట్లో ఇద్దరు చాలు కాబట్టి మాకొచ్చిన ఇబ్బందేమీ లేదు. కానీ ఆఫీసుకి పది నిమిషాలు ముందే చేరిపోతున్నందుకు సంతోషించాలో, వెనక సీటు ఖాళీగా ఉన్నందుకు బాధపడాలో తెలిసేది కాదు. ఆనాటి నుంచీ రోడ్డు ఖాళీగా కనిపిస్తే నాకు గుండె గుబేలుమంటుంది.

ఇంట్లో ఉన్నవాళ్ళ సంగతీ చెప్పాలి. ఒకే కారు, అది భర్తతో ఆఫీసుకి. డిపెండెంట్ వీసా మీద వచ్చిన ఆడవాళ్ళు చదువుకుని కూడా ఉద్యోగం చేయలేక, కారు లేక నాలుగు గోడల మధ్య ఉండిపోయేవారు. హెచ్-4 వారిలో కొందరికి పని చేసే అనుమతి 2015లో గానీ రాలేదు. ఆయన రోడ్డు మీద గడిపిన గంట, ఆవిడ కిటికీ దగ్గర గడిపిన గంట కూడా. దాన్ని ఏ సర్వే లెక్కపెట్టలేదు.

రైలు వచ్చింది... మనుషులేరీ?

బార్ట్ రైలు ఫ్రీమాంట్‌కి 1972లోనే వచ్చింది. శాంటా క్లారా కౌంటీలోకి మాత్రం రాలేదు. 2000 నవంబరులో కౌంటీ ఓటర్లు అమ్మకం పన్ను మీద అర సెంటు అదనంగా కట్టడానికి ఒప్పుకున్నారు, ముఖ్యంగా ఆ రైలు కోసమే. మిల్పిటాస్, బెర్రియెస్సా స్టేషన్లు తెరుచుకున్నది 2020 జూన్ 13న! అప్పటికి మార్చిలో వచ్చిన ఆంక్షలతో అందరం ఇళ్ళలో కూర్చుని మూడు నెలలు. ఇరవై ఏళ్ళు ఎదురుచూసిన రైలు, ఎక్కేవాళ్ళు లేని వేళ వచ్చింది. అక్కణ్ణుంచి శాన్ హోజే డౌన్‌టౌన్ మీదుగా శాంటా క్లారా దాకా ఆరు మైళ్ళు ఇంకా మిగిలే ఉంది.

శాన్ హోజే మహానగర ప్రాంతంలో 2021లో ఉద్యోగుల్లో మూడో వంతుకి పైగా ఇంటి నుంచే పనిచేశారు. మా అమ్మాయి బడి నుంచి వచ్చి నాలుగింటికి పెరుగన్నం తింటుందన్న సంగతి, దానికి పదిహేనేళ్ళు వచ్చాక నాకు తెలిసింది. నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది.

కానీ ఇంకొకటి కూడా పోయింది. వేసవిలో మన గడియారానికి అరగంట కలిపి, పగలుకి బదులు రాత్రి అనుకుంటే ఇండియా టైము. సాయంత్రం ఆరున్నరకి నేను 880 మీద ఉంటే, అమ్మ అక్కడ ఏడింటి కాఫీ తాగుతూ ఉండేది. 2008 జూలైలో ఫోను చేత్తో పట్టుకుని కారు నడపకూడదన్న చట్టం వచ్చాక బ్లూటూత్ పెట్టుకున్నానే గానీ ఆ ఫోను మానలేదు. "ఇంకా రోడ్డు మీదే ఉన్నావా నాయనా?" అనడం ఆవిడ మొదటి మాట. ఇంటి నుంచి పని మొదలయ్యాక, రోజుకి రెండు గంటలు మిగిలాయి కదా, ఇంకా ఎక్కువ మాట్లాడాలి. మాట్లాడలేదు. వారానికొకసారి అయింది. "రోడ్డు మీద తిరిగినప్పుడే నయంరా, రోజూ నీ గొంతు వినిపించేది" అంది ఒకరోజు.

ఇప్పుడు చాలామందికి వారంలో కొన్ని రోజులు ఆఫీసు తప్పనిసరి. 2024 సెప్టెంబరు నుంచి కాల్‌ట్రైన్ కరెంటుతో నడుస్తోంది. అన్ని స్టేషన్లలో ఆగినా శాన్ ఫ్రాన్సిస్కో నుంచి శాన్ హోజేకి గంటంపావులో వస్తుంది. మునుపు గంటా నలభై నిమిషాలు పట్టేది. వీలున్నవాళ్ళు ఓసారి ఎక్కి చూడండి. ఇల్లు కొనే ఆలోచనలో ఉన్నవాళ్ళకి ఒక్క మనవి. ఆదివారం మధ్యాహ్నం ఏజెంటుతో వెళ్ళి చూసి సంతకం పెట్టకండి. మంగళవారం పొద్దున ఎనిమిదింటికి ఆ ఇంటి ముందు నుంచి మీ ఆఫీసుకి ఒకసారి కారు నడిపి చూడండి. స్కూలు ర్యాంకు ఎంత ముఖ్యమో, ఆ స్కూలు పిల్లాడు మేలుకుని ఉండగా మీరు ఇంటికి చేరడం అంతే ముఖ్యం.

నేను మళ్ళీ వారానికి మూడు రోజులు 880 మీద ఉంటున్నాను. అమ్మ కాఫీ టైమూ మారలేదు. ఒక్కోసారి ఇల్లు వచ్చేసినా ఆవిడ మాట పూర్తి కాదు. గరాజులో ఇంజను ఆపి, ఆవిడ చెప్పేది అయ్యేదాకా అలాగే కూర్చుంటున్నాను. ఆ పది నిమిషాలు మాత్రం ట్రాఫిక్ ఖాతాలో రాయడం లేదు!