చిన్ని ఆవు – ముందు చూపు

పుంగనూరు ఆవు ఎత్తు మూడడుగులకు అటునిటు. పలమనేరు పరిశోధనాస్థానము కాపాడుచు వచ్చిన ఈ పొట్టిజాతి నేడు పట్టణపు ముంగిళ్లలోను ముద్దుబిడ్డవలె పెరుగుచున్నది. మెడకు గంట కట్టువారు పలువురు. ప్రసవము కష్టమైనచో కోత కోయగల వైద్యుడెవరని ముందుగా విచారించువారు అరుదు.

చిన్న ఆవునకు పెద్దజాతి ఆంబోతు బీజమును ఎక్కించినచో, దూడ కటిద్వారమునకు మించి పెరుగవచ్చును. ఉమ్మనీటి సంచి పగిలి గంటలు గడిచినను దూడ రాకున్న, తాళ్లు కట్టి మోటుగా లాగుట ఇరుప్రాణములకును ముప్పు. ఎడమ డొక్కకు మత్తుసూది వేసి, కోసి దూడను తీయుట పశువైద్యులెరిగిన పనియే. అయినను అందరును తరచుగా చేసియుండరు.

కనుక మదనపల్లెవారైనను, పుంగనూరువారైనను చూడి నిలిచిననాడే సమీప పశువైద్యశాలకు వెళ్లి మూడు మాటలు అడుగవలెను: కోత చేసిన అనుభవము కలదా? రాత్రివేళ వత్తురా? ఇచ్చట వీలుకానిచో ఎచ్చటికి పంపుదురు? 1962 సంఖ్యకు పిలిచినచో సంచార వైద్యవాహనము వచ్చు ఏర్పాటు కలదు. 1955లో స్థాపితమైన తిరుపతి పశువైద్య కళాశాల పెద్దదిక్కు. తమిళ, కన్నడ సరిహద్దుల నడుమనున్న కుప్పమునకు అది దూరము. అచ్చటివారు బండిని సైతము ముందే మాటాడుకొనవలెను.

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు, నొప్పులు మొదలైన పిదప వైద్యుని వెదకరాదు. నోరులేని జీవము తరపున అడుగవలసిన నోరు యజమానిదే.