ల్యాప్‌టాప్ కీబోర్డ్ మొరాయిస్తోందా? కొత్తది వేయించే ముందు ఈ టెస్ట్ చేసి చూడండి!

అప్లికేషన్‌కు ఇవాళే లాస్ట్ డేట్. లాగిన్ అవుదామంటే ‘ఎల్’ కొడితే ‘3’ పడుతోంది, ‘జె’ కొడితే ‘1’. కీబోర్డ్ పోయిందని చాలామంది షాపుకు పరుగెడతారు. నిజానికి అక్కడ పాడైంది ఏమీ లేదు. విడిగా నంబర్ ప్యాడ్ లేని కొన్ని ల్యాప్‌టాప్‌లలో నమ్ లాక్ ఆన్ అయితే కుడివైపు అక్షరాలు కొన్ని అంకెలుగా మారిపోతాయి. అదే కీని మళ్లీ నొక్కితే సరి. కొన్ని మోడళ్లలో ఎఫ్ఎన్ కీతో కలిపి నొక్కాలి.

ఇలాంటి సెట్టింగ్ తిప్పలు ఇంకా ఉన్నాయి. విండోస్‌లో కుడివైపు షిఫ్ట్‌ను 8 సెకన్లు నొక్కి ఉంచితే ఫిల్టర్ కీస్ ఆన్ చేయాలా అని అడుగుతుంది. చూసుకోకుండా ఎస్ కొట్టేస్తే ఇక గబగబా టైప్ చేసినా అక్షరాలు పడవు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి ఆఫ్ చేయాలి. తెలుగు కీబోర్డ్ కూడా పెట్టుకున్నవారు విండోస్, స్పేస్ కీలను పొరపాటున కలిపి నొక్కితే ఇంగ్లిష్ బదులు తెలుగు పడుతుంది. మళ్లీ అవే రెండు నొక్కితే వెనక్కి వస్తుంది.

అసలు కీబోర్డ్ మొత్తం పనిచేయకపోతే? తప్పు విండోస్‌దా, కీబోర్డ్‌దా అన్నది ముందు తేల్చుకోవాలి. ల్యాప్‌టాప్ ఆన్ అవుతుండగా ఎఫ్2, ఎఫ్10, డిలీట్‌లలో మీ కంపెనీ ఇచ్చిన కీ కొడుతూ బయాస్‌లోకి వెళ్లండి. అక్కడికి విండోస్ ఇంకా లోడ్ కాదు. యారో కీలు అక్కడ కదిలాయంటే కీబోర్డ్ బాగానే ఉన్నట్టు, డ్రైవర్ చూసుకోవాలి. మౌస్‌తో డివైజ్ మేనేజర్ తెరిచి, కీబోర్డ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే డ్రైవర్ మళ్లీ దానంతటదే వస్తుంది. బయాస్‌లోనూ ఉలుకూ పలుకూ లేకపోతే మాత్రం హార్డ్‌వేర్‌నే అనుమానించాలి. అప్పటిదాకా పని ఆగకుండా యూఎస్‌బీ కీబోర్డ్ పెట్టుకోవచ్చు. లాగిన్ స్క్రీన్ కుడివైపు కింద ఉండే యాక్సెసిబిలిటీ గుర్తు నొక్కితే ఆన్‌స్క్రీన్ కీబోర్డ్ కూడా వస్తుంది.

టీ ఒలికితే వెంటనే పవర్ ఆఫ్ చేసి, ఛార్జర్ తీసి, బోర్లించాలి. బియ్యంలో పెట్టడం దండగ. హెయిర్ డ్రయ్యర్ వేడికి కీల ప్లాస్టిక్ వంగిపోతుంది. పని చేస్తోంది కదా అని వెంటనే ఆన్ చేస్తే కీబోర్డే కాదు, మదర్‌బోర్డూ పోవచ్చు.

ఒక్క లక్షణాన్ని మాత్రం అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. కీబోర్డ్ మధ్యలో ఉబ్బి పైకి లేస్తున్నా, టచ్‌ప్యాడ్ బిగుసుకుపోయినా లోపల బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. నొక్కి సరిచేయబోతే మంటలు రావచ్చు. ఛార్జింగ్ ఆపి, ఆఫ్ చేసి, సర్వీస్ సెంటర్‌లోనే విప్పించాలి.