‘తిప్పి పంపారు’: ఒకే మాట, వేర్వేరు నిర్ణయాలు

పశ్చిమ కర్నూలు ప్రాంతంలో పనికోసం ఊరు విడిచి వెళ్ళడాన్ని ‘సుగ్గికి పోవడం’ అంటారు. కోతకాలమనే అర్థం గల ఈ కన్నడ పదం ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల వాడుకలో స్థిరపడింది. గుంటూరు మిరపచేలకు గాని, బెంగళూరుకు గాని వెళ్ళే కూలీని దారిలో అనుమతిపత్రం అడిగేవారు ఉండరు. విదేశీప్రయాణం అటువంటిది కాదు. అయినా విమానాశ్రయంలో ప్రయాణం ఆగిపోయిన ప్రతి సందర్భాన్నీ వాడుకభాష ‘తిప్పి పంపారు’ అన్న ఒక్క మాటతోనే సరిపెడుతుంది. ఈ క్లుప్తత ప్రమాదకరమైనది.

2015 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగిన 14 మంది విద్యార్థులను అమెరికా అధికారులు వెనక్కి పంపారు. అదే నగరానికి బయలుదేరిన మరో 19 మందిని ఎయిర్ ఇండియా హైదరాబాదులోనే విమానం ఎక్కనివ్వలేదు. రెండవ బృందాన్ని ఆపింది విమానసంస్థ. ప్రవేశం నిరాకరింపబడిన ప్రయాణికుణ్ణి తిరిగి తీసుకువచ్చే భారం దానిదే. మొదటి బృందం విషయంలో నిర్ణయం సరిహద్దు అధికారిది. కారణం విశ్వవిద్యాలయాలు కావనీ, విద్యార్థులు చెప్పిన వివరాలు వారి వీసాస్థితికి పొసగలేదనీ అమెరికా ప్రభుత్వం వివరణ ఇచ్చింది.

వీసా ఇచ్చేది కాన్సులేటు. ప్రవేశం ఇచ్చేది విమానాశ్రయంలోని అధికారి. వీసా ఆ అధికారి ముందు నిలిచి ప్రవేశం కోరే అవకాశం మాత్రమే. 1996 నాటి అమెరికా చట్టం ప్రకారం న్యాయమూర్తి ప్రమేయం లేకుండానే ఆయన బహిష్కరణ ఉత్తర్వు ఇవ్వగలడు. ఆ ఉత్తర్వు సాధారణంగా అయిదేళ్ళ నిషేధాన్ని తెస్తుంది. అధికారి సమ్మతిస్తే ప్రయాణికుడు తన ప్రవేశాభ్యర్థనను ఉపసంహరించుకోవచ్చు. అప్పుడు వీసా రద్దయినా ఆ అయిదేళ్ళ నిషేధం ఉండదు. ఇద్దరూ ఒకే విమానంలో తిరిగివస్తారు. ఊరివారికి ఇద్దరూ ‘తిప్పి పంపిన’వారే.

బహిష్కరణకు ముందు ప్రశ్నోత్తరాలను వాంగ్మూలంగా నమోదు చేస్తారు. దానిని ప్రయాణికుడు చదవాలి, లేదా అతనికి చదివి వినిపించాలి. ప్రతి పుటపైనా, ప్రతి దిద్దుబాటు వద్దా అతని పొడి సంతకం ఉండాలి. అవసరమైతే దుబాసీ సహాయం కల్పించాలని నిబంధన స్పష్టంగా చెబుతుంది. ఆంగ్లం తడబడే విద్యార్థి తెలుగు దుబాసీని కోరడం నామోషీ కాదు. పొరపాటుగా నమోదైన ఒక్క జవాబు అసత్యకథనంగా తేలితే నిషేధం అయిదేళ్ళతో ఆగదు.

మూడవ సందర్భం స్వదేశంలోనే ఎదురవుతుంది. 1983 నాటి వలసల చట్టం కింద, ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవారు గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి పొందాలి. అది లేకుండా సందర్శక వీసాతో పనికి బయలుదేరినవారిని భారత ఇమిగ్రేషన్ అధికారులే ఆపవచ్చు. పదవ తరగతి ఉత్తీర్ణులకు ఈ షరతు వర్తించదు. తల్లిదండ్రుల వెంట సుగ్గికి వెళ్ళి బడి మానేసిన బాలుడికి పెద్దయ్యాక దక్కేది ఈ ఈసీఆర్ పాస్‌పోర్టే.